పసుపునీళ్ళు

ఆ సాయంత్రం బందరువానిపేట రేవులో పాట ఆగిపోనాది.
మూడు గంపల కవళ్ళు, ఒక్క వంజరం.
పన్నెండొందల కాడ అసిరయ్య
నోరు తెరిచినోడు తెరిచినట్టే ఉండిపోనాడు.
ఐసుపెట్టె మీద ఫోను నిలబెట్టినాం,
పడిపోకుండా ఎనక ఎవుడిదో చెప్పు.

అందులో వేరే సముద్రం. పోర్చుగల్లంట.
మన మొగలోలా మట్టిరంగు నేదు,
ఉతకని కొత్త లుంగీలా నీలం.
నలభై తెరచాపలు.
నలభయ్యిట్లో ఒకటి మా బర్రోరి ముత్తేలు.

కొమ్ము ఊదకముందే గీత దాటీసినాది.
వెనక్కి రమ్మన్నారు.
ముప్పైతొమ్మిది పడవలూ ముందుకెళ్తంటే
అదొక్కర్తీ వెనక్కి తిరిగి
మళ్ళీ మొదట్నించి మొదలెట్టినాది.
"అయిపోనాదిలే" అన్నాడు అసిరయ్య.
"పన్నెండొందల యాభై" అన్నాడు ఆ ఊపులోనే.
ఎవుడూ పలకనేదు.

ఫోనులోని మనిషి గుక్క తిప్పుకోకుండా ఏదో అంటన్నాడు.
"ఏటంటన్నాడ్రా?"
ముత్తేలు మేనత్త పోలమ్మ. రెండు కళ్ళలోనూ శుక్లాలు.
నాకా భాష రాదు.
తెరచాప వచ్చు.
నలభై ఏళ్ళు కట్టినాను, విప్పినాను, చిరిగితే కుట్టినాను.
అందుకని నాను చెప్పడం మొదలెట్టినాను.

ఒక ఊసు ఇక్కడే చెప్పీయాల.
తొమ్మిదేళ్ళప్పుడు ఆ గుంట నా పడవెక్కి
చుక్కాని పక్కన కూకున్నాది.
ఆడది కూకున్న పడవకి చేప పడదని
రెక్క పట్టి దించీసినాను.
అందరూ చూస్తుండగా
ఆ పీట పసుపునీళ్ళతో కడిగినాను.
అది ఏడవనేదు.
మర్నాటినించి వంశధార మొగలో
థర్మాకోలు దిమ్మ, వెదురుకర్ర, వాళ్ళమ్మ పాత చీర.
ఏరు ఇటు తోస్తాది, సముద్రం అటు తోస్తాది,
గాలిది పూటకో మాట.
గట్టు మీద వల బాగుచేసుకుంటా
చూడనట్టు చూసినాను, ఏడేళ్ళు.

"గాలికి ఎదురు పోతన్నారొదినా.
తిన్నగా పోనేరు, అటూ ఇటూ కోసుకుంటా పోవాల.
అందరూ ఎడమకెళ్ళారు, ఒడ్డుకేసి."
"మనదో?"
"కుడికి. ఒక్కర్తీ."
"ఎందుకురా?"
చెప్పనేకపోనాను.
కాసేపటికి అవుపించినాది,
నీళ్ళ మీద నల్లటి గరుకు,
పిల్లి వీపు నిక్కబొడుచుకున్నట్టు.
గాలి అక్కడ దిగతంది.
నాను కళ్ళతో చూసినాను.
అది అప్పటికే చెంపతో చూసీసినాది.

ఎడమకెళ్ళినోళ్ళ చాపలు
దండెం మీది బట్టల్లా వేలాడినాయి.
దాని చాప నెలలు నిండినదానిలా ఉబ్బినాది.
పదిమందిని దాటినాది, ఇరవై,
ఆ తరవాత నా లెక్క తప్పీసింది.
బోయ తిరిగేసరికి ముందు ఒక్క ఎర్రటోపీ పిల్లే మిగిలింది.

ఇప్పుడు గాలి వీపు మీద.
వీపుగాలిలో ఒక న్యాయముంది.
అది ముందు వెనకున్నోళ్ళనే తాకుతాది.
ముత్తేలు ఆ పిల్ల వెనక్కి చేరి
దాని గాలంతా తినీడం మొదలెట్టినాది.
మూడు పడవల దూరం. రెండు.

బొమ్మ ఆగిపోనాది.

ఫోనులో ఒక సున్నా తిరగతంది.
కళింగపట్నం దీపస్తంభం కూడా అప్పుడే వెలిగి
తిరగడం మొదలెట్టింది.
"చెప్పరా!"
ఏటీ అవుపించడం నేదు.
అయినా చెప్పినాను.
"తాడు వదులు చేసినాది. ఒళ్ళు వెనక్కేసినాది.
అల మీదికి ఎక్కించినాది, ఇప్పుడు, ఇప్పుడు జారతంది..."
నా చేతులు లేని తాడు లాగతన్నాయి.
అబద్ధం కాదు. నానైతే ఏం చేస్తానో అదే చెప్పినాను.

బొమ్మ తిరిగొచ్చేసరికి
పడవ ఒక పక్కన, ముత్తేలు నీళ్ళలో.
బోల్తా పడిపోనాదని అందరం ఒక్క కేకేసినాం.
దాని పళ్ళు చూసినాక తెలిసింది.
గెలిచినోళ్ళు అలా దూకుతారంట.

గుంటలు ఒడ్డంతా పరిగెట్టారు.
ఎవుడో డబ్బా వాయించినాడు.
పోలమ్మ మాత్రం నా మొహముందనుకున్న కేసి తిరిగి
నెమ్మదిగా అడిగినాది.
"ఆ పడవని ఇప్పుడు పసుపునీళ్ళతో కడుగుతారేట్రా?"

ఐసు సగం కరిగిపోనాది.
ఆ రోజు కవళ్ళు ఎనిమిదొందలకే పోనాయి.